అమ్ముడుపోయిన అగ్నిపర్వతం

అదో అగ్నిపర్వతం. ఒకప్పుడు నిప్పులు కక్కింది. కక్కీ కక్కీ తనలో తానే కూలిపోయింది. ఆ గుంటలో గడ్డి మొలిచింది. ఏరులు పుట్టాయి. దుప్పులు చేరాయి. తర్వాత మనుషులొచ్చి హద్దులు గీశారు. కాగితాలు రాసుకున్నారు. ఒకరి నుంచి ఒకరు కొనుక్కున్నారు. చివరికి 2000 సంవత్సరంలో అమెరికా ప్రభుత్వం 10.1 కోట్ల డాలర్లు పోసి దాన్ని కొనేసింది. అంత డబ్బు పెట్టి అక్కడ ఏం కట్టింది? ఏమీ కట్టలేదు. ఎవరూ ఏమీ కట్టకుండా ఉండటానికే కొంది!

అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో ఉందా కొండ. పేరు వాయెస్ కాల్డెరా. పాత కాగితాల్లో మాత్రం ‘బాకా రాంచ్’. రాంచ్ అంటే పశువులను మేపుకునే విశాలమైన భూమి. ఒక కొండ చేతులు మారితే ఏమేం అమ్ముడవుతాయి, ఏవి అమ్ముడవకుండా మిగిలిపోతాయి... తెలుసుకోవాలంటే ఈ కొండ కథ వినాల్సిందే.

మలుపు తిరగ్గానే...

అణుబాంబు పుట్టిన ఊరు లాస్ అలమోస్. దాన్ని దాటి నాలుగో నంబరు రాష్ట్ర రహదారి మీద పడమరగా కొండెక్కితే అంతా పైన్ చెట్ల అడవే. మలుపు మీద మలుపు. కాసేపటికి కుడివైపు చెట్లు ఒక్కసారిగా తప్పుకుంటాయి. ఎదురుగా మైళ్ల కొద్దీ పచ్చిక! చుట్టూ గోడ కట్టినట్టు కొండలు. మధ్యలో వంకలు తిరుగుతూ సన్నటి ఏరు. దూరంగా చీమల బారులా కదిలేవి ఎల్క్ అనే పెద్ద దుప్పులు. తెలియక వచ్చినవాళ్లు కూడా అక్కడ కారు ఆపేస్తారు. ఆ మైదానం పేరు వాయే గ్రాండే. స్పానిష్‌లో ‘పెద్ద లోయ’ అని అర్థం.

నిజానికి అది లోయ కాదు, అగ్నిపర్వతం నోరు. సుమారు 12.5 లక్షల ఏళ్ల కిందట భూమి లోపలి లావా, బూడిద పెద్దయెత్తున బయటికి ఎగదన్నాయి. అడుగున ఖాళీ ఏర్పడి పైకప్పు కూలిపోయింది. అలా ఏర్పడిన గుంటనే కాల్డెరా అంటారు. దీని వెడల్పు 13 మైళ్లు. కూలిన నేలను కింది నుంచి శిలాద్రవం మళ్లీ పైకి నెట్టింది. అలా లేచిందే మధ్యలో కనిపించే రెడొండో శిఖరం. ఎత్తు 11,254 అడుగులు. కూలి మళ్లీ లేచిన ఇలాంటి అగ్నిపర్వతాలకు వాయెస్ కాల్డెరాను మచ్చుతునకగా చూపిస్తారు భూగర్భ శాస్త్రవేత్తలు.

ఇక్కడో తమాషా ఉంది. మామూలుగా కొండ పైకి వెళ్లే కొద్దీ చెట్లు తగ్గుతాయి. ఇక్కడ పైన చెట్లు, కింద గడ్డి! చల్లటి గాలి బరువు కదా... రాత్రయ్యేసరికి వాలు మీదుగా జారి గుంటలో పేరుకుంటుంది. ఆ చలికి, ఆ బంక నేలకు చెట్ల మొలకలు నిలవవు. గడ్డి నిలుస్తుంది. ఆ గడ్డే ఈ కొండను పశువుల కాపరుల కంట పడేసింది.

ఒక తగాదా... ఐదు ముక్కలు

దీనికి కాగితం పుట్టిన తీరు మన రెవెన్యూ తగాదాలకు ఏమీ తీసిపోదు. 1820ల మొదట్లో లూయిస్ మరియా కబెజా డి బాకా అనే ఆసామికి లాస్ వేగస్ దగ్గర సుమారు 5 లక్షల ఎకరాలు దఖలు పడ్డాయి. జూదశాలల లాస్ వేగస్ కాదిది, న్యూమెక్సికోలో అదే పేరున్న మరో ఊరు. 1835లో మెక్సికో ప్రభుత్వం అదే భూమిని వేరే కుటుంబాలకు రాసిచ్చింది. ఆ తర్వాత జరిగిన యుద్ధంతో ఆ ప్రాంతమంతా అమెరికా చేతికొచ్చింది. ఒకే భూమికి రెండు పట్టాలు! ఎవరిదని తేల్చాలి?

1860లో అమెరికా కాంగ్రెస్ రాజీ మార్గం పట్టింది. ఊరివాళ్లను కదిలించలేదు. బాకా వారసులకు మరోచోట అంతే భూమి ఎంచుకోమంది. లక్షకు కాస్త తక్కువగా ఒక్కోటి చొప్పున ఐదు ముక్కలు. వారసులు మొట్టమొదట వేలు పెట్టి చూపించింది ఈ అగ్నిపర్వతాన్నే. అందుకే రికార్డుల్లో దీని పేరు ‘బాకా లొకేషన్ నంబర్ 1’.

మరి ఆ కొండను తరతరాలుగా నమ్ముకుని ఉన్నవాళ్ల మాట? చుట్టుపక్కల ప్యూబ్లోలు అనే ఆదివాసుల ఊళ్లున్నాయి. వాటిలో హేమెజ్ ప్యూబ్లో వాళ్లకు రెడొండో శిఖరం పవిత్ర స్థలం. వేటకు, మూలికలకు, పూజలకు వాళ్లు ఆ కొండకే వెళ్లేవారు. 1860లో వాళ్లను ఎవరూ అడగలేదు. ఆ అడగకపోవడమే 150 ఏళ్ల తర్వాత కోర్టుకెక్కింది. ఆ సంగతి చివర్లో.

గొర్రెలు ఒకరివి... చెట్లు ఒకరివి

వారసుల చేతుల్లోంచి కొండ జారిపోవడానికి ఎంతో కాలం పట్టలేదు. చివరికి రెడొండో డెవలప్‌మెంట్ అనే కంపెనీకి చేరింది. దాని నుంచి ఫ్రాంక్ బాండ్ అనే ఉన్ని వ్యాపారి మొదట కౌలుకు తీసుకున్నాడు. 1926 నాటికి కొనేశాడు. వేలకు వేల గొర్రెలు కొండెక్కాయి. మన పల్లెల్లో పశువులను పాలుకు ఇచ్చినట్టే బాండ్ కూడా స్థానిక కుటుంబాలకు గొర్రెలను ఇచ్చేవాడు. ఏటా ఇన్ని పిల్లలు, ఇంత ఉన్ని అని లెక్క. చలికి మంద పోతే నష్టం మాత్రం కాపరిది!

అయితే అమ్మేటప్పుడు కంపెనీ ఓ మెలిక పెట్టింది. నేల అమ్మింది కానీ దాని మీది చెట్లను అమ్మలేదు. కలప కొట్టుకునే హక్కును 99 ఏళ్లకు తన దగ్గరే అట్టిపెట్టుకుంది. ఆ మెలిక అసలు ప్రభావం తర్వాతి యజమాని మీద పడింది.

ఆయన పేరు జేమ్స్ పాట్రిక్ డునిగన్. టెక్సాస్‌లోని అబిలీన్‌కు చెందిన వ్యాపారి. 1962లో సుమారు 25 లక్షల డాలర్లకు బాకా రాంచ్ కొన్నాడు. అంటే ఎకరా 25 డాలర్లు! చవక బేరమే. కానీ ఆయన కళ్ల ముందే రంపాలు దిగాయి. కలప హక్కులు చేతులు మారి ఓ కలప కంపెనీకి చేరాయి. ముదురు చెట్లనే కాదు, గుజ్జుకు పనికొస్తాయని లేత చెట్లనూ కొట్టేశారు. దుంగలు దించడానికి గుండ్రటి కొండల చుట్టూ మరమేకు చుట్లలా బాటలు తవ్వారు. ఆ బాటలన్నీ కలిపితే వెయ్యి మైళ్లకు పైమాటే. విమానంలోంచి చూస్తే ఆ చుట్లు ఇప్పటికీ కనిపిస్తాయి.

సొంత భూమిలో చెట్టు పడుతుంటే యజమాని ఆపలేని పరిస్థితి. డునిగన్ 1964లో కోర్టుకెళ్లాడు. ఏళ్ల తరబడి వాదులాట. చివరికి 1972లో రాజీపడి కలప హక్కులను కూడా డబ్బిచ్చి కొనుక్కున్నాడు. ఒకే కొండకు రెండుసార్లు ధర కట్టాడన్నమాట. గొర్రెల స్థానంలో ఆవులను తెచ్చాడు. వాటినీ అదుపులోనే ఉంచాడు. పచ్చిక కోలుకుంది.

పైన చెట్ల గొడవ ముగిసిందో లేదో, కింద వేడి మీద కన్ను పడింది. అగ్నిపర్వతం కదా! భూగర్భంలోని ఆవిరితో 50 మెగావాట్ల కరెంటు తీద్దామని యూనియన్ ఆయిల్ కంపెనీ బావులు తవ్వింది. ఇంధన శాఖ కూడా చేయి కలిపింది. పవిత్రమైన కొండను తవ్వుతారా అని ప్యూబ్లోలు అభ్యంతరం చెప్పారు. చివరికి ఆవిరే చాల్లేదు. 1982లో ప్రాజెక్టు మూటగట్టారు.

ప్రకటనలో రాసేది... రాయనిది

అమెరికా పడమటి రాష్ట్రాల్లో పెద్ద రాంచ్ అమ్మకానికొస్తే ప్రకటనలో ముందు ఆవుల లెక్క ఉండదు. వేటకు ఎన్ని ఎల్క్‌లు, గాలానికి ఎంత ఏరు, ఎన్ని శిఖరాలు, పట్టణం ఎంత దూరం, ఎన్ని ఇళ్లకు వీలుంది... ఇవే ముందుంటాయి. కారణం తేలికే. భూమి విలువ కట్టేవాళ్లు ఇప్పుడు అక్కడ ఏం జరుగుతోందని చూడరు. చట్టం అనుమతించే వాటిలో దేనివల్ల ఎక్కువ డబ్బొస్తుందో చూస్తారు. గడ్డి ధరకు కొన్న కొండ కాస్తా వినోదం ధర, విల్లాల ధర పలుకుతుంది. ఆవుల మీద వచ్చే ఆదాయం మాత్రం అక్కడే ఉంటుంది. పెద్దాయన పోయాక వారసులు పంచుకోవాలన్నా, పన్నులు కట్టాలన్నా ఎక్కువమందికి తోచే దారి ఒక్కటే... ముక్కలు చేసి అమ్మేయడం.

అలా అమ్మితే ఏమవుతుందో చూడటానికి ఎక్కడికో వెళ్లక్కర్లేదు. బాకా వారసులకు దక్కిన ఐదు ముక్కల్లోనే నాలుగోది కొలరాడో రాష్ట్రంలో ఉంది. 1970లలో ఓ కంపెనీ దానిలో కొంత భాగాన్ని వేల ప్లాట్లుగా విడగొట్టి వెంచర్ వేసింది. కాగితం మీద వీధులు గీసినంత వేగంగా ఇళ్లు లేవలేదు. మిగతా రాంచ్ అడుగునున్న నీటిని తోడి దూరపు నగరాలకు అమ్ముదామని తర్వాత మరో కంపెనీ బయల్దేరింది. లోయలోని రైతులు ఏకమై కోర్టులో అడ్డుకున్నారు. ఆ రాంచ్ కొనుగోలు పూర్తయి, 2004లో గ్రేట్ శాండ్ డ్యూన్స్ జాతీయ పార్కు ఏర్పడ్డాకే ఆ గొడవ సద్దుమణిగింది.

ఇవన్నీ డునిగన్‌కు ముందే తెలిసే అవకాశం లేదు. కానీ తన రాంచ్ ముక్కలు కాకూడదని ఆయన కోరిక. ప్రభుత్వానికే అమ్ముదామని మాటలు మొదలుపెట్టాడు. బేరం తేలకముందే 1980లో కన్నుమూశాడు. మాటలు ఆగిపోయాయి. కొండ మరో 20 ఏళ్లు ఆ కుటుంబం చేతిలోనే ఉంది.

10 కోట్ల డాలర్ల బేరం

1990ల చివర్లో కుటుంబం మళ్లీ అమ్మకానికి ముందుకొచ్చింది. ఈసారి న్యూమెక్సికో సెనేటర్లు ఇద్దరూ కదిలారు. పీట్ డొమెనీచిది రిపబ్లికన్ పార్టీ, జెఫ్ బింగమన్‌ది డెమొక్రటిక్ పార్టీ. కొండ విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. చర్చలు ఓసారి తెగిపోయి మళ్లీ అతుక్కున్నాయి. 2000 జులై 25న చట్టం వచ్చింది. ధర 10.1 కోట్ల డాలర్లు. అప్పటి మారకం ప్రకారం దాదాపు 450 కోట్ల రూపాయలు. 1962లో 25 డాలర్లున్న ఎకరా వెయ్యి డాలర్లు దాటిందన్నమాట! ఆ సొమ్ము ‘భూమి-నీటి పరిరక్షణ నిధి’ నుంచి వచ్చింది. సముద్రంలో చమురు, గ్యాసు తీసే కంపెనీలు ప్రభుత్వానికి కట్టే డబ్బుతో నడిచే నిధి అది.

మొత్తం సుమారు 95 వేల ఎకరాలు. శాంటా క్లారా ప్యూబ్లో వాళ్లు తమ ఏరు పుట్టేచోట సుమారు 5 వేల ఎకరాలను ఇదే అదనులో సొంతం చేసుకున్నారు. మిగిలిన 89 వేల ఎకరాలు సంరక్షణ క్షేత్రమైంది. అదెంత? 2007లో గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ ఏర్పడినప్పుడున్న విస్తీర్ణంలో సగానికి పైనే.

కొండ సంపాదించాలట!

కొనడం ఒక ఎత్తు. సాకడం మరో ఎత్తు. ప్రభుత్వం ఇప్పటికే ఉన్న భూములనే చూసుకోలేకపోతోందన్న విమర్శ ఉంది. అందుకని చట్టంలో ఓ కొత్త ప్రయోగం పెట్టారు. క్షేత్రాన్ని తొమ్మిది మంది సభ్యుల ట్రస్టుకు అప్పగించారు. షరతు ఏమిటంటే... 15 ఏళ్లలో కొండ తన ఖర్చు తానే సంపాదించుకోవాలి!

ట్రస్టు తంటాలు పడింది. ఎల్క్ వేటకు లాటరీ టికెట్లు అమ్మింది. మేతకు పశువులను రానిచ్చి రుసుము తీసుకుంది. నడకకు టికెట్టు, చేపలకు టికెట్టు. సినిమా, టీవీ షూటింగులకు అనుమతులిచ్చింది. షెరీఫ్ కథతో నడిచిన ‘లాంగ్‌మైర్’ సీరియల్లో హీరో ఇల్లు ఇక్కడి పాత చెక్క ఇళ్లలో ఒకటే. ఎంత చేసినా లెక్క కుదరలేదు. ప్రజల డబ్బుతో కొన్న కొండ చూడటానికి ప్రజలే ఇన్ని టికెట్లు కొనాలా అని జనం గొణిగారు. అనుకున్న గడువుకు ట్రస్టు సొంత కాళ్ల మీద నిలబడలేదని 2009లోనే ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ తేల్చేసింది.

ఇంతలో నిప్పు అంటుకుంది. 2011 జూన్ 26న గాలికి ఓ చెట్టు కరెంటు తీగల మీద పడింది. మొదటి 14 గంటల్లోనే 43 వేల ఎకరాలు దగ్ధమయ్యాయి. అంటే సెకనుకు దాదాపు ఎకరా! క్షేత్రంలోనే సుమారు 30 వేల ఎకరాలకు మంటలు పాకాయి. 2013లో మరో కార్చిచ్చు. పాతకాలపు పైన్ అడవిలో చెట్టుకూ చెట్టుకూ ఎడం ఉండేది. చిన్న మంటలు గడ్డిని కాల్చి పోయేవి. ఒకప్పుడు రంపాలు దిగిన చోట మళ్లీ మొలిచిన చెట్లు ఇరుగ్గా, సన్నగా పెరిగాయి. మంటకు అవే నిచ్చెనలయ్యాయి. కలప కంపెనీ వెళ్లిపోయి 40 ఏళ్లయినా దాని బాకీ కొండ తీరుస్తూనే ఉంది.

చివరికి 2014 డిసెంబరులో కాంగ్రెస్ ట్రస్టు ప్రయోగానికి స్వస్తి చెప్పింది. 2015 అక్టోబరు 1 నుంచి కొండ బాధ్యత జాతీయ పార్కుల సర్వీసుది. వేట, మేత పరిమితంగా సాగుతున్నాయి. కానీ కొండ తన కూడు తానే తెచ్చుకోవాలన్న షరతు మాత్రం పోయింది.

అమ్ముడవని హక్కు

ఇక హేమెజ్ ప్యూబ్లో సంగతి. 2012లో వాళ్లు కోర్టుకెళ్లారు. ‘1860లో బాకా వారసులకు ఇచ్చినంత మాత్రాన మా హక్కు పోదు. మాకు చెప్పకుండా, మా నుంచి కొనకుండా ఇచ్చిన కాగితం అది’ అన్నది వాళ్ల వాదన. ఇన్నేళ్ల తర్వాతా అని కింది కోర్టు కొట్టేసింది. 2015లో అప్పీలు కోర్టు మాత్రం ఆ పట్టాతోనే ఆదివాసుల హక్కు చెరిగిపోయినట్టు కాదంది. విచారణ జరపమంది. 2019లో మళ్లీ ఓటమి. మళ్లీ అప్పీలు. 2023లో అప్పీలు కోర్టు క్షేత్రంలోని బాంకో బొనీటో అనే భాగం మీద హేమెజ్ హక్కును గుర్తించింది. 3 వేల ఎకరాలకు కాస్త పైన. అడిగిన దానితో పోలిస్తే చిన్న ముక్కే.

విచిత్రమేమిటంటే, ఆ బాంకో బొనీటో ఈ అగ్నిపర్వతం చివరిసారి, సుమారు 68 వేల ఏళ్ల కిందట కక్కిన లావా గడ్డకట్టిన చోటు. కొండలో అన్నింటికన్నా కొత్త నేల మీద అన్నింటికన్నా పాత హక్కు నిలబడింది!

బాకా వారసులు, గొర్రెల వ్యాపారి, కలప కంపెనీ, డునిగన్, ప్రభుత్వం... ఈ కొండను పొందినవాళ్లు, కొన్నవాళ్లు చాలామందే. ఏ కాగితంలోనూ కొండ మొత్తంగా లేదు. ఒకరికి గడ్డి దక్కింది. ఒకరికి కలప. ఒకరికి కింది వేడి మీద ఆశ. 10 కోట్ల డాలర్లిచ్చిన ప్రభుత్వానికీ హేమెజ్ వాళ్ల హక్కు ఆ ధరలో కలిసి రాలేదు. ఎకరాల్లో కొలిచి అమ్మగలిగింది కొండలో కొంతే.

వెళ్లాలనుకుంటే...

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులు గ్రాండ్ కాన్యన్ చూసి వస్తుంటారు. న్యూమెక్సికో వైపు వెళ్తే దీన్నీ కలుపుకోవచ్చు. ఆల్బుకర్కీ విమానాశ్రయం నుంచి కారులో సుమారు రెండు గంటలు. సెప్టెంబరు మంచి సమయం. మగ ఎల్క్‌లు జత కోసం సన్నాయి ఊదినట్టు అరిచే రోజులవి. పొద్దున్నే, సాయంత్రం పూట మైదానం అంచున నిలబడితే చాలు, వినిపిస్తుంది. మైదానమే 8,500 అడుగుల ఎత్తులో ఉంది కాబట్టి ఆయాసం ఉన్నవాళ్లు నెమ్మదిగా నడవాలి. ఎండాకాలంలోనూ స్వెట్టర్ తప్పదు.  పొద్దున్నే చేరుకుంటే మంచిది. పెట్రోలు, తిండి కింది ఊళ్లోనే చూసుకోవాలి. పైన దుకాణాలు, హోటళ్లు లేవు. రాత్రి దీపాలూ లేవు. 2021లో దీన్ని ‘చీకటి ఆకాశ పార్కు’గా కూడా గుర్తించారు. అమావాస్య రాత్రి పాలపుంత కొండ అంచు నుంచి అంచు దాకా కనిపిస్తుంది.